'టచ్' అనే క్రియ, 'అంటరాని' అనే పేరు: ఒక మాట చరిత్ర

తెలుగు మీడియం బడుల్లో చదివి, ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న మాబోటి వాళ్లకు ఇంగ్లీషు క్రియలంటే ఒకప్పుడు భయం. గో, వెంట్, గాన్ అని కంఠస్థం చేయాలి. 'టచ్' అట్లా కాదు. టచ్, టచ్డ్, టచ్డ్. పిల్లల డిక్షనరీలో 'తాకుట' అని ఒక్క మాటతో అయిపోతుంది. కాని ఈ సులువైన క్రియకు ముందు 'అన్', వెనక 'ఏబుల్' చేర్చితే వచ్చే మాట మన తాతముత్తాతల నెత్తిన పెట్టిన మాట. జనాభా లెక్కల్లోకి, కమిటీ రిపోర్టుల్లోకి, చివరికి రాజ్యాంగంలోకి ఎక్కిన మాట. మనం 'అంటరానితనం' అని రాస్తున్నప్పుడు ఎక్కువసార్లు ఆ ఇంగ్లీషు మాటనే తెలుగులో రాస్తున్నాం. కాబట్టి ఆ క్రియ ఎక్కడ పుట్టింది, ఏయే అర్థాలు మోసింది, మన మీదికి ఎట్లా వచ్చింది అన్నది భాషాశాస్త్రం చదివే వాళ్లకు వదిలేసే సంగతి కాదు. ఇందులో కర్త ఎవరు, కర్మ ఎవరు అన్న ప్రశ్న ఉంది. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసేటప్పుడు కూడా వచ్చేది ఆ ప్రశ్నే.

'టచ్' ఇంగ్లీషు వాళ్ల సొంత మాట కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి పాలకుల భాష ఇంగ్లీషు మీద రెండు మూడు వందల ఏళ్లు పెత్తనం చేసింది. ఆ కాలంలో పాత ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియల్లో ఇదొకటి. 1300 ప్రాంతం నుంచి ఇంగ్లీషు రాతల్లో కనబడుతుంది. ఇప్పటి ఫ్రెంచిలో 'తూషే', ఇటాలియన్లో 'తొక్కారే', స్పానిష్‌లో 'తొకార్' దీని అక్కచెల్లెళ్లు. వీటన్నింటికీ మూలం సామాన్య జనం మాట్లాడిన లాటిన్లో 'తొక్కారే' అనే క్రియ అని పండితులు ఊహిస్తారు. దాని అర్థం ముట్టుకోవడం కాదు, కొట్టడం. తలుపు తట్టినప్పుడు, గంట కొట్టినప్పుడు వచ్చే 'టక్' అనే చప్పుడు నుంచి పుట్టిన మాట అంటారు. స్పానిష్‌లో ఇప్పటికీ తలుపు తట్టినా 'తొకార్', గిటారు వాయించినా, డోలు కొట్టినా 'తొకార్'. అంటే మాదిగ డప్పు మీద సిర్ర, చిటికెన పుల్ల చేసే పనికి ఈ క్రియలో చోటుంది. మెత్తగా చేయి ఆనించడం అన్న అర్థం తరువాత వచ్చింది. ముందున్నది దెబ్బ.

ఆ తరువాత ఈ క్రియ ఎన్నో దిక్కులకు పాకింది. బంగారం నాణ్యత చూసే గీటురాయికి 'టచ్‌స్టోన్' అన్నారు. మనసు కరిగించేది 'టచింగ్' అయింది. కాస్త మతి తప్పిన వాణ్ని కూడా 'టచ్డ్' అన్నారు. ఒక అర్థం మాత్రం మనం ఆగి చూడాలి. ఇంగ్లండు, ఫ్రాన్సు రాజులు తాకితే గండమాల అనే మెడ గ్రంథుల జబ్బు నయమవుతుందని అక్కడి జనం కొన్ని వందల ఏళ్లు నమ్మారు. జబ్బు మనుషులు వరుసలో నిలబడితే రాజు ఒక్కొక్కరి ఒంటి మీద చేయి పెట్టేవాడు. ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌ను చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు, 1712లో, ఆన్ రాణి చేత ఇట్లాగే తాకించారు. జబ్బు తగ్గలేదు అన్నది వేరే సంగతి. అది కూడా మూఢనమ్మకమే, రాజరికాన్ని దైవం చేసే పన్నాగమే. అయినా తేడా చూడండి. ఆ నమ్మకంలో పైవాడి చేయి కింది వాడి పుండు మీద పడుతుంది. పడ్డందుకు పైవాడు స్నానం చేయడు.

ఇక మన మాటల దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో ఒక్క 'టచ్' చేసే పనిని తెలుగులో కనీసం నాలుగు క్రియలు పంచుకుంటాయి. అంటు, ముట్టు, తాకు, తగులు. నాలుగూ దేశి మాటలే, సంస్కృతం నుంచి వచ్చినవి కావు. కాని నాలుగూ ఒకటి కాదు.

'తాకు' ఇంగ్లీషు 'టచ్'కు పుట్టుకలో చుట్టం లాంటిది. మా సిద్దిపేట దిక్కు రాయి తాకుతది, దెబ్బ తాకుతది, ఎండ తాకుతది. తమిళంలో 'తాక్కు' అంటే దాడి చేయడమే. అలల తాకిడి, జనం తాకిడి అన్నప్పుడు తెలుగులోనూ ఆ బలం ఉంది. అక్కడ యూరపులో, ఇక్కడ దక్కనులో, ఒకదానికొకటి సంబంధం లేకుండానే, కొట్టడం నుంచి తాకడం పుట్టింది.

'ముట్టు'ది వేరే కథ. ఉత్తరం ముట్టింది, పైసలు ముట్టినయి అంటే చేరాయని. ముట్టజెప్పడం అంటే ఇవ్వవలసింది ఇచ్చేయడం. బీడీ ముట్టిస్తారు. కోటను ముట్టడిస్తారు. పని చేసే సాధనం పనిముట్టు. ఇదే మాట స్త్రీల నెలసరికి పేరయింది. కన్నడంలోనూ అంతే, 'ముట్టు' అంటే తాకడం, 'ముట్టు' అంటే నెలసరి. ఒక క్రియ అందరి చేతుల్లో పనిముట్టుగా ఉండి, ఆడదాని ఒంటి మీదికి వచ్చేసరికి దూరం జరగమనే హెచ్చరిక అయింది.

'అంటు' అన్నింటికన్నా జిగట మాట. కన్నడంలో అంటు అంటే జిగురే. నిప్పు అంటుకుంటది, మసి అంటుకుంటది, మామిడికి అంటు కడతారు, జబ్బు అంటువ్యాధి అవుతది. తిన్న గిన్నెలు అంట్లు. ఇంట్లో చావు జరిగితే 'మాకు అంటున్నది' అంటారు. 1850ల్లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఈ మాట కింద తాకడాన్నీ మైలనూ పక్కపక్కనే పెట్టింది. అంటే తాకితే ఏదో ఒకటి అవతలి వాడికి పాకుతుంది, వదలదు అన్న భావం ఈ క్రియలోనే ఉంది. మనుషులను దూరం పెట్టడానికి తెలుగు సమాజం ఈ నాలుగింటిలో 'అంటు'నే ఏరుకున్నది. తాకరాని వాడు అనలేదు, తగలరాని వాడు అనలేదు. అంటరాని వాడు అన్నది. తాకితే అయిపోయే పని కాదు, అంటుకుని ఉండిపోయేదేదో వీడి దగ్గరున్నది అని చెప్పడానికి ఆ క్రియ కావలసి వచ్చింది.

ఆ మాట నిర్మాణం కూడా చూడాలి. 'అంట' 'రాని'. తెలుగులో 'రాదు'కు రెండు అర్థాలు. ఈత రాదు అంటే చేతకాదు. చేయరాదు, పోరాదు అంటే కూడదు. అంటరాని అన్నప్పుడు మనకు వినబడేది రెండోది. కూడదు అంటే ఎవరో అన్నారు, ఎవరో గీత గీశారు. నిషేధం కళ్లకు కనబడుతుంది. ఇంగ్లీషు 'అన్‌టచబుల్'లో ఆ 'ఏబుల్' అనేది వీలును, గుణాన్ని చెప్పే తోక. కరిగేది, విరిగేది, తినదగింది అన్నట్టే, తాకడానికి వీలుకానిది. మంట తాకడానికి వీలుకాదు, ఆకాశం తాకడానికి వీలుకాదు. ఆ వరుసలో మనిషిని కూర్చోబెట్టేసరికి నిషేధించిన వాడు వాక్యం నుంచి తప్పుకున్నాడు. నిషేధం పడ్డ వాడి ఒంట్లో గుణమై కూర్చున్నది. తెలుగు మాట మంచిదని నేను అనడం లేదు. దానిలో నేరస్తుడి వేలిముద్ర ఇంకా చెరిగిపోలేదు అంటున్నాను.

ఊరి బతుకులోకి వెళ్తే ఈ క్రియ అబద్ధం ఇంకా బాగా తెలుస్తుంది. తెలంగాణలో కరెంటు మోటార్లు వచ్చేదాకా బావుల కింది సేద్యం మోట మీద నడిచింది. ఎడ్లు లాగే ఆ మోట బొక్కెన తోలుది. చచ్చిన పశువును మోసుకుపోయి, తోలు తీసి, ఊనబెట్టి, కుట్టింది మాదిగ. ఆ తోలు బొక్కెన దొర బావిలో రోజుకు ఎన్ని సార్లు మునిగిందో లెక్క లేదు. ఆ నీళ్లు తాగి వరి పండింది, ఆ వరి బువ్వ అయి మడి కట్టుకున్న ఇంట్లోకీ పోయింది. బావి మైల పడలేదు. అదే బావిలోకి మాదిగ ఇంటి బిడ్డ కడవ దించితే మైల పడింది. నాటు వేసిన చేతులు, కోసిన చేతులు, కుప్ప కొట్టిన చేతులు ఎవరివో అందరికీ ఎరుకే. చాలా ఊళ్లలో బిడ్డను మొదట పట్టుకున్న మంత్రసాని చేతులు కూడా దళిత స్త్రీవో, చాకలి, మంగలి స్త్రీవో. శ్రమ చేసే స్పర్శను ఎవరూ స్పర్శగా లెక్కపెట్టలేదు. దెబ్బను కూడా లెక్కపెట్టలేదు. వెట్టికి రాలేదని చెంప మీద కొట్టిన దొర ఇంటికి పోయి తలస్నానం చేశాడని ఏ ఊరి ముసలాయనా చెప్పగా నేను వినలేదు. 'టచ్'కు పాత అర్థం ఏదైతే ఉన్నదో, ఆ కొట్టడం, దానికి మాత్రం అంటు లేదు.

కాబట్టి ఇది తాకడానికి సంబంధించిన వ్యవస్థ కాదు. ఏ స్పర్శను లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్న అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న దానికి సంబంధించిన వ్యవస్థ. ఇంగ్లీషు మాట ఆ అధికారాన్ని మాయం చేసి చర్మం దగ్గర ఆపేసింది.

ఆ ఇంగ్లీషు మాట ఎప్పుడు వచ్చింది? 'అన్‌టచబుల్' అనే విశేషణం 16వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో ఉంది. కాని అప్పుడు దాని అర్థం చేతికి అందనిది, దేహం లేనిది అని. ఒక జనసమూహానికి పేరుగా అది స్థిరపడింది 20వ శతాబ్దం మొదట్లోనే. సంస్కృతంలో 'అస్పృశ్య' పాతదే, విష్ణు ధర్మసూత్రంలో ఉంది. ఉర్దూ, హిందీల్లో 'అఛూత్' ఉంది. అది కూడా 'ఛూనా' అనే తాకే క్రియ మీద కట్టిందే. కాని ఊరూరా మాల, మాదిగ, బైండ్ల, మాస్టి, డక్కలి అని వేరే వేరే పేర్లతో బతికిన జనాన్ని ఒక్క దేశవ్యాప్త గంప కిందికి తెచ్చింది మాత్రం ఇంగ్లీషు సర్కారు లెక్క.

1911 జనాభా లెక్కల కోసం కమిషనర్ గెయిట్ పది పరీక్షలు పెట్టాడు. బ్రాహ్మణుల ఆధిక్యతను ఒప్పుకోరా, వేదాలను ఒప్పుకోరా, గుడి లోపలికి రానివ్వరా, శవాన్ని పాతిపెడతారా, గొడ్డుమాంసం తింటారా వంటివి. వాటిలో తాకితే మైల అన్నది ఒకటి మాత్రమే. అంబేడ్కర్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఈ పది పరీక్షలను జాగ్రత్తగా పరిశీలించాడు. అంటరానితనం గొడ్డుమాంసం చుట్టూ, బౌద్ధం మీద బ్రాహ్మణ ద్వేషం చుట్టూ, సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని ఆయన వాదన. తేదీ మీద, కారణం మీద చరిత్రకారులు వాదించుకోవచ్చు. మనకు ముఖ్యమైంది, దానికి ఒక పుట్టుక తేదీ వెతకవచ్చు అని ఆయన అనడం. పుట్టినదానికి చావు కూడా ఉంటుంది. చర్మం గుణానికి పుట్టుక తేదీ ఉండదు.

1931 లెక్కల్లో కమిషనర్ హట్టన్ 'వెలుపలి కులాలు' అనే పేరు తెచ్చాడు. 1932లో ఓటు హక్కు మీద వేసిన లోథియన్ కమిటీ మళ్లీ పరీక్షను కుదించింది. తాకినా దగ్గరికి వచ్చినా మైల అవుతుందా, గుడిలోకి రానివ్వరా, ఇదే కొలత. 1935 చట్టం 'షెడ్యూల్డు కులాలు' అన్న మాట తెచ్చింది, 1936 ఉత్తర్వు ఆ పట్టిక ఇచ్చింది. అంటే పేరులో టచ్ పోయింది, పేరు వెనక పరీక్షలో ఉండిపోయింది.

నిజాం రాజ్యంలో ఉన్న మన సిద్దిపేట తాలూకాకు ఈ మాటలు ఇంగ్లీషులో రాలేదు. సర్కారు భాష ఉర్దూ. అఛూత్, పస్త్ అఖ్వామ్ అనేవి ఇక్కడి కచ్చేరి మాటలు. పస్త్ అఖ్వామ్ అంటే అణగిన జాతులు. 1948 పోలీసు చర్య తరువాత, 1358 ఫస్లీలో, హైదరాబాదు రాజ్యంలో రెండు రెగ్యులేషన్లు వచ్చాయి. ఒకటి హరిజన ఆలయ ప్రవేశం మీద, రెండోది హరిజనుల సాంఘిక అసమర్థతల తొలగింపు మీద. పేరులోనే తొందర చూడండి. గాంధీ పెట్టిన పేరు ఒకటి, 'అసమర్థతలు' అనే మాట ఒకటి. బావి దగ్గర అడ్డం నిలబడ్డ వాడిది కాదట అసమర్థత, కడవతో నిలబడ్డ మనిషిదట.

అయితే ఈ మాటలన్నీ పైనుంచే వచ్చాయని అనుకోవద్దు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలితో పని మొదలుపెట్టి, 1911లో మన్యసంఘం కట్టాడు. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయన్నే అధ్యక్షుడిగా పిలిచారు. పంచమ అన్న మాటకు శాస్త్రాల్లోనూ చరిత్రలోనూ ఆధారం లేదు, మేము ఈ నేల మొదటి మనుషులం అని చెప్పి ఆ సభ పేరే ఆది ఆంధ్ర అని మార్పించాడు. హైదరాబాదు రాజ్యంలో ఆది హిందూ అన్న పేరు కోసం పోరాడితే 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం దాన్ని ఒప్పుకున్నది. 'హిందూ' అన్న రెండో సగం మీద మనకు అభ్యంతరం ఉండొచ్చు, నాకూ ఉంది. కాని 'ఆది' అన్న మొదటి సగంలో తాకడం లేదు, మైల లేదు. పైవాడి ఒళ్లును కొలబద్దగా పెట్టుకోని పేరు అది. ముందెవరు వచ్చారు అని అడిగే పేరు.

ఇదే విషయం 'దళిత' అన్న మాటలో ఇంకో రకంగా ఉంది. అస్పృశ్య, దళిత రెండూ సంస్కృత క్రియల నుంచి వచ్చినవే. అస్పృశ్యలో చివరి 'య' చేయదగింది, చేయవలసింది అని చెబుతుంది. దృశ్యం అంటే చూడదగింది, అస్పృశ్యం అంటే తాకదగనిది. శాసనం లాంటి ప్రత్యయం అది. దళితలో చివరి 'త' అయిపోయిన పనిని చెబుతుంది. లిఖితం అంటే రాయబడింది, దళితం అంటే నలగగొట్టబడింది. రాసిన వాడు లేకుండా లిఖితం ఉండదు. నలగగొట్టిన వాడు లేకుండా దళితుడు ఉండడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు, కారంచేడు తరువాత 1985లో మన దగ్గర దళిత మహాసభ ఈ మాటను ఎత్తుకున్నప్పుడు వ్యాకరణం చూసి ఎత్తుకోలేదు కావచ్చు. కాని మాట లోపల కర్త కోసం ఖాళీ కుర్చీ ఉన్నది, అందులో ఎవరు కూర్చున్నారో చెప్పక తప్పదు.

ఈ ఇంగ్లీషు మాటకు సముద్రం అవతల పట్టిన అదృష్టం కూడా ఒకసారి చూద్దాం. అమెరికాలో షికాగో దొంగసారా ముఠాల మీద పని చేసిన పోలీసు బృందం లంచానికి లొంగలేదని వాళ్లను 'అన్‌టచబుల్స్' అన్నారు. ఆ బృంద నాయకుడు ఇలియట్ నెస్ కథ 1957లో అదే పేరుతో పుస్తకమైంది, తరువాత టీవీ సీరియల్ అయింది, 1987లో సినిమా అయింది. ఎవరూ చేయి వేయలేని గొప్పవాళ్లు అని అర్థం. అంబేడ్కర్ పుస్తకానికీ ఆ పోలీసు కథకూ ఇంగ్లీషులో పేరు ఒకటే. మన దగ్గర కూడా ఈ రెండో అర్థం దిగుమతి అయింది. 'మమ్ముల టచ్ చేసి చూడు' అని మీసం మెలేసే హీరోలను మనం చూస్తూనే ఉన్నాం. దొరను ఎవరూ టచ్ చేయలేరు, మాదిగను ఎవరూ టచ్ చేయకూడదు. ఒకే క్రియ, ఒకే వ్యతిరేకార్థం. ఒకరికి కోటగోడ, ఒకరికి ఊరవతల గుడిసె.

రాజ్యాంగ సభ దగ్గరికి వద్దాం. 1948 నవంబరు 29న, ఇప్పుడు 17వ అధికరణంగా ఉన్న ఆ ముసాయిదా వాక్యాన్ని సభ ఆమోదించింది. అంటరానితనం రద్దు చేయబడింది, ఏ రూపంలో పాటించినా నిషిద్ధం అని దాని సారం. ఇంగ్లీషు పాఠంలో ఆ మాటకు కొటేషన్ గుర్తులున్నాయి, నిర్వచనం మాత్రం ఎక్కడా లేదు. నజీరుద్దీన్ అహ్మద్ అనే సభ్యుడు, మతం వల్ల గాని కులం వల్ల గాని ఎవరినీ అంటరానివారిగా చూడకూడదు అనే అర్థం వచ్చేటట్టు మార్చమని సవరణ పెట్టాడు. దాన్ని అంబేడ్కర్ ఒప్పుకోలేదు. కె.టి. షా లేచి, ఈ మాటకు నిర్వచనం లేదు, కొన్ని రోజుల్లో స్త్రీలను కూడా అంటరాని వాళ్లుగానే చూస్తారు కదా, అదీ ఇందులోకి వస్తుందా అని అడిగాడు. మన తెలుగు 'ముట్టు' ఢిల్లీలో రాజ్యాంగ సభలో వినబడింది ఆ రోజున. జవాబు రాలేదు.

పదేళ్లలోపే మైసూరు హైకోర్టు ఒక కేసులో చెప్పిన మాట మన ప్రశ్నకు దగ్గరగా ఉంది. ఆ కొటేషన్ గుర్తులను చూపించి, 17వ అధికరణం మాట్లాడేది నిఘంటువులోని అర్థం గురించి కాదు, ఈ దేశంలో చారిత్రకంగా పెరిగిన ఆచారం గురించి అన్నది. ఒక తాత్కాలిక వెలి గాని, అంటువ్యాధి వల్ల దూరం పెట్టడం గాని ఇందులోకి రాదన్నది. అంటే మన దేశపు న్యాయస్థానమే చివరికి 'టచ్' నిఘంటువును పక్కన పెట్టి చరిత్రను తెరవవలసి వచ్చింది. షా అడిగిన ప్రశ్న మాత్రం 70 ఏళ్ల తరువాత శబరిమల కేసులో తిరిగి లేచింది. 2018 సెప్టెంబరు 28న ఇచ్చిన తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, నెలసరి పేరుతో స్త్రీలను దూరం పెట్టడం కూడా 17వ అధికరణం కిందికి వస్తుందన్నారు. జస్టిస్ ఇందు మల్హోత్రా అది కులానికి పరిమితమని అసమ్మతి రాశారు. 2019లో ఆ వివాదం విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. ఈ చర్చలో దళిత ఉద్యమం తొందరపడి ఒక పక్క చేరనక్కరలేదని నా అభిప్రాయం. అంటూ ముట్టూ ఒకే వంటింట్లో పుట్టిన మాటలు అన్నది నిజం. కాని ముట్టు నాలుగు రోజులకు స్నానంతో పోతుంది, అంటరానితనం తరతరాలకు పోలేదు అన్నదీ నిజమే. రెండూ మోసే దళిత స్త్రీ ఈ రెండు తీర్పుల్లోనూ ముఖ్యమైన మనిషి కాలేదు.

చట్టాల వాక్య నిర్మాణం ఎట్లా మారిందో చూస్తే ఉద్యమం ఏం సాధించిందో అర్థమవుతుంది. 1950 నాటి వాక్యంలో కర్త లేడు. రద్దు చేయబడింది, అంతే. ఎవరు పాటిస్తున్నారో పేరు లేదు. 1955 అంటరానితనం (నేరాల) చట్టం 'ఎవరైతే అడ్డగిస్తారో' అని మొదలుపెట్టింది. అదే చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది. బాధితుడు షెడ్యూల్డు కులం మనిషి అయితే, ఆ పని అంటరానితనం వల్లనే జరిగిందని, కాదని రుజువయ్యేదాకా, కోర్టు భావించాలన్న నిబంధన అందులో ఉంది. ఇక 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టంలో కర్త సూటిగా వచ్చాడు. షెడ్యూల్డు కులానికి గాని తెగకు గాని చెందని వ్యక్తి ఎవరైతే, అని ప్రతి నేరం మొదలవుతుంది. పేరులో టచ్ లేదు. తినగూడనిది తినిపించడం, బట్టలూడదీసి ఊరేగించడం, భూమి గుంజుకోవడం, నీళ్లు పాడుచేయడం అని పనులు వరుసగా ఉన్నాయి. ఈ కర్త ఊరికే రాలేదు. 1985 జులై 17న కారంచేడులో తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవలో ఆరుగురు దళితులు చనిపోయారు. ఆ నెత్తుటి మీద కట్టిన ఉద్యమం ఒత్తిడి ఈ చట్టం వెనక ఉంది.

చట్టం వచ్చినంక కూడా క్రియలు ఆగలేదు. 1991లో చుండూరులో సినిమా హాలులో డిగ్రీ చదివిన ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. తెలుగు నాలుగు క్రియల్లో నాలుగోది, మనం ఇంతదాకా పక్కన పెట్టింది, ఇక్కడ వచ్చింది. తగలడం అంటే కావాలని చేసింది కాదు. కాలు తగిలిందా, తగిలించాడా? వాక్యానికి ఆ ఒక్క అక్షరమే తేడా. దళితుడి కాలికి 'తగిలింది' అనే క్రియ ఉండే హక్కు లేదని, అది ఎప్పుడూ 'తగిలించాడు' మాత్రమే అవుతుందని ఆ ఊరి ఆధిపత్య కులాలు తేల్చాయి. బహిష్కారం పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి గోతాల్లో కట్టి కాలువలో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సినిమా హాలు అందరిదీ, టిక్కెట్టు ధర ఒకటే, సీట్ల మధ్య దూరం కొలిచి పెట్టిన దూరం. అటువంటి చోట ఒళ్లు ఒళ్లుకు తగలకుండా ఉండదు. బస్సు, రైలు, బడి, హోటల్, సినిమా హాలు వచ్చాక పాత నిఘంటువు పని చేయదని తెలిసిన వాళ్ల కోపం అది.

మన సిద్దిపేట 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి విడిపోయి జిల్లా అయింది. నెల నెలా 30వ తారీఖున ఊళ్లల్లో పౌరహక్కుల దినం జరపాలని ప్రభుత్వ ఆదేశం ఉంది. తహసీల్దారు, ఎస్సై వచ్చి 1955, 1989 చట్టాల గురించి చెప్పి పోతారు. ఇటువంటి సభల్లో తరచుగా అడిగే ప్రశ్న 'మీ ఊర్లె అంటరానితనం ఉన్నదా?' అని. దానికి వచ్చే జవాబు కూడా ఒకటే, 'లేదు సారూ, అందరం కలిసిమెలిసే ఉంటం.' ప్రశ్నలోనే కర్త లేనప్పుడు జవాబులో ఎక్కణ్నుంచి వస్తాడు? ప్రశ్నను క్రియలుగా విడగొట్టి అడగాలని నేను విద్యార్థులకు, కార్యకర్తలకు చెబుతాను. బొడ్రాయి పండుగకు డప్పు ఎవరు కొడుతున్నరు, కొట్టనంటే ఏమైంది? గుడి గడప ఎవరు దాటుతున్నరు, ఎవరు ఆపుతున్నరు? మంగలి ఎవరి గడ్డం గీస్తడు, ఎవరి గడ్డం గీయడు? పెండ్లిలో ఎవరు ఎవరికి వడ్డిస్తున్నరు? ఫిర్యాదు రాసేటప్పుడు కూడా 'అంటరానితనం పాటించుచున్నారు' అని రాయొద్దు. ఎవరు, ఏ రోజు, ఎవర్ని, దేన్ని ముట్టనియ్యలేదు అని రాయాలి. ఎస్సై చేతిలో మొదటి వాక్యం పనికిరాదు, రెండోది పనికొస్తుంది.

రెండు గ్లాసుల పద్ధతి గురించి కూడా అట్లాగే అడగాలి. పాత హోటళ్లలో దళితుల గ్లాసులు చూరుకో, గోడ గూట్లోనో వేరుగా ఉండేవి, తాగిన వాళ్లే కడిగి అక్కడ పెట్టాలి. వేరే గ్లాసు అన్నది సగం సంగతే. ఎవరి అంట్లు ఎవరు కడుగుతారు అన్నది మిగతా సగం. ఇప్పుడు చిన్న చిన్న ఊళ్లకు కూడా కాగితం గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. హోటలాయనను అడిగితే, 'అందరికీ ఒకటే గ్లాసు, ఏ భేదం లేదు' అంటడు. తాగి పారేసే గ్లాసును ఎవరూ కడిగేది లేదు. అదే హోటల్లో లోపల స్టీలు గ్లాసులు కూడా ఉంటయి. అవి ఎవరు వచ్చినప్పుడు బయటికి వస్తయో ఒక పూట కూర్చుని చూడాలి.